కాటా చీటీ లేని తీర్పు

మా మామయ్య లోకంలో దేన్నీ ఖాళీగా ఉన్నప్పుడు చూసి నమ్మడు. కుర్చీ అయినా, వంతెన అయినా, మనిషి అయినా, మీద బరువు పెట్టి చూసేదాకా ఆయన లెక్కలో అది ఇంకా పరీక్ష రాయనట్టే. లారీలు తూచే కాటా దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాడు. లారీ ఖాళీగా వస్తే ఒకసారి, సరుకుతో వస్తే ఇంకోసారి తూచి, తేడా ఎంతో చీటీ మీద రాసి చేతికిచ్చేవాడు. అన్నేళ్లలో ఒక్క దొంగ చీటీ రాయలేదు. అందుకే వీధిలో అందరికీ ఆయన కాటా మామయ్య. రిటైరయ్యాక కాటా అక్కడే ఉండిపోయింది గానీ, ఆ అలవాటు ఆయనతో పాటు ఇంటికొచ్చేసింది.

ఒకసారి సోఫా కొనడానికి నన్నూ అత్తయ్యనూ వెంటబెట్టుకెళ్లాడు. కొట్టతను గుడ్డ గురించి, చెక్క గురించి చెప్పుకుపోతున్నాడు. మామయ్య అవేవీ వినకుండా మా ఇద్దరినీ కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుని, అది చాలదని కొట్టతన్ని కూడా మధ్యలో ఇరుక్కోమన్నాడు. తర్వాత టీ గ్లాసు పట్టుకుని బీరువాలు చూస్తున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని బతిమాలి ఆయన్నీ కూర్చోబెట్టాడు. అయిదుగురం ఒకరి మోచేయి ఇంకొకరి డొక్కలో పెట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాక, సోఫా కిర్రుమనలేదు కాబట్టి కొన్నాడు. ఆ పెద్దమనిషికి మా ఇంటి అడ్రసు కూడా ఇచ్చి వచ్చాడు.

డాక్టరు బీపీ చూసి బాగానే ఉందంటే ఆయన ఒప్పుకోలేదు. ఇది ఖాళీగా తీసిన బీపీ అన్నాడు. బయట కూర్చున్న మా అత్తయ్యను లోపలికి పిలిపించి, ఆవిడ ఇంటి ఖర్చుల గురించి మాట్లాడుతుండగా మళ్లీ తీయమని డాక్టర్ని అడిగాడు. అత్తయ్య రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ బీపీ ఇంకా బాగుందని ఇంట్లో మిషనుతో తీసి మరీ చూపించాడు.

నన్ను చేసుకోబోయే అతను మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు అందరూ చదువు, ఉద్యోగం అడిగారు. మామయ్య అతన్ని వసారాలోకి తీసుకెళ్లి, అంతకుముందు ఉద్యోగం పోతుందని తెలిసిన రోజు ఇంటికెళ్లి ఎవరి మీద అరిచావో చెప్పమన్నాడు. అతను, ఎవరి మీదా అరవలేదు గానీ అన్నం తినకుండా పడుకున్నానన్నాడు. మామయ్య లోపలికొచ్చి, లోడు మీద కూడా నిలబడ్డాడు, చేసుకో అని చెప్పి వెళ్లిపోయాడు. అదేం మాటని నేను తిట్టుకున్నాను, కానీ చేసుకున్నాను.

ఇలాంటి మనిషి చేతికి వీడియోలు దొరికాయి. సరుకు బండి అంటే ఆయనకు ప్రాణం కదా, రోజూ సాయంత్రం నా ఫోన్లో కొత్త ఎలక్ట్రిక్ పికప్ బండ్ల వీడియోలు పెట్టించుకుని చూసేవాడు. చూసినంతసేపూ ఒంటికాలి మీద లేచేవాడు. వీడియో చేసేవాళ్లు సీటు నిమురుతారు, తలుపు వేసి చప్పుడు వింటారు, పాటలు పెడతారు. మామయ్య ఫోన్‌ని పట్టుకుని, వెనకాల సరుకు వేసే చోటొకటి ఉందిరా నాయనా, దాన్ని ఒక్కసారి చూపించు అని ప్రాధేయపడేవాడు. ఆయన వేళ్లు లావు కాబట్టి కామెంట్లు టైపు చేసే ఉద్యోగం నాకు దక్కింది. అన్ని వీడియోల కిందా ఒకటే కామెంటు: ఖాళీగా చూశావా, లోడుతో చూశావా?

మా వీధి చివర లాండ్రీ నడిపే ఆవిడ ఉంది. నాకు లాండ్రీ అక్క. గుట్ట మీదున్న పెద్దాసుపత్రికి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల గౌన్లు ఉతికి, ఇస్త్రీ చేసి రోజూ ఉదయం ఏడింటికల్లా అందించాలి. మూడు రోజులు తప్పితే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రి ఒప్పందంలోనే రాసుంది. ఆమెకూ, ఆమె దగ్గర పనిచేసే నలుగురు ఆడవాళ్లకూ ఆ దుప్పట్లే ఆధారం. పాత డీజిల్ వ్యాను మూలపడ్డాక ఆమె ఎలక్ట్రిక్ పికప్ ఒకటి కొనుక్కుని తనే నడపడం మొదలుపెట్టింది.

రెండు నెలలు తిరక్కుండానే ఆ బండి మీదే ఒక వీడియో వచ్చింది. నల్ల కళ్లద్దాల అబ్బాయి ఒకడు బండి నిండా బస్తాలు వేసి, పెద్ద రోడ్డు మీద తోలి, కంపెనీవాళ్లు ఒక ఛార్జింగుకి రెండు వందల కిలోమీటర్లన్నారు, లోడు వేస్తే నూట ఇరవై కూడా కష్టమే అని తేల్చాడు. పని చేసుకునేవాళ్లకు ఇది బొమ్మ, కొనకండి అని చేతులు దులుపుకున్నాడు. లక్షల మంది చూశారు. సెలూన్ అతను దాన్ని పెద్ద సౌండుతో పెట్టి, గడ్డం గీయించుకునే ప్రతివాడికీ వినిపించాడు. లాండ్రీ అక్క బండి సెలూన్ ముందు నుంచి వెళ్తే లోపల నవ్వులు వినిపించేవి. ఆసుపత్రి స్టోర్ ఆఫీసరు కూడా ఆ వీడియో చూశాడట. ఏమ్మా, బొమ్మ బండితో మా దుప్పట్లు వస్తాయా అని అడిగాడట.

మామయ్య వీడియో మూడుసార్లు చూశాడు. ఆ రోజు ఆయన చెప్పి నాచేత టైపు చేయించిన కామెంటు నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

"బస్తాలు ఏ కాటా మీద తూచావు? చీటీ నంబరు పెట్టు. చీటీ లేకుండా తీర్పు చెప్పడానికి నువ్వెవరు?"

ఆ అబ్బాయి దానికి ఎర్ర గుండె బొమ్మ ఒకటి పెట్టాడు. అంటే తప్పు ఒప్పుకున్నట్టేనా అని మామయ్య అడిగాడు. కాదు, ప్రేమ అన్నాను. నాకు వాడి ప్రేమ ఎందుకు, చీటీ కావాలి అని గొడవ చేశాడు. సెలూన్‌కి వెళ్లి, అక్కడున్న నలుగురి ముందూ ఆ వీడియో అన్యాయమని, లోడు వేసి తానే పరీక్ష పెట్టి చూపిస్తానని సవాలు విసిరి వచ్చాడు.

సరిగ్గా ఆ వారమే లాండ్రీ అక్క సబ్బు నీళ్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. బండి నడపడానికి లేదు. వీధిలో ముగ్గురు సాయం చేస్తామని వెళ్లారు. ముగ్గురినీ మంచినీళ్లిచ్చి పంపేసింది. ఎప్పుడో ఆమె మరిది ఒక వాషింగ్ మిషను ఇప్పించి, ఆ మాట పన్నెండేళ్లుగా కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. ఇక జన్మలో ఎవరి దగ్గరా సాయం తీసుకోనని ఆమె పంతం. రెండు రోజులు ఆసుపత్రికి దుప్పట్లు వెళ్లలేదు. మూడో రోజు కూడా వెళ్లకపోతే పని పోయినట్టే.

ఆ సాయంత్రం మామయ్య నన్ను తీసుకుని లాండ్రీకి వెళ్లాడు. అక్క కట్టుతో కూర్చుని ఎడమచేత్తో గలీబులు మడతపెడుతోంది. మామయ్య ఆమె చేతి వంక కూడా చూడలేదు.

"అమ్మా, నీకు సాయం చేయడానికి రాలేదు," అన్నాడు. "నాకు లోడు కావాలి. సెలూన్‌లో మాట ఇచ్చాను. నీ బండి, నీ దుప్పట్లు కొన్నాళ్లు నాకు ఇవ్వాలి. ఎలాగూ ఎక్కడికో ఒకచోటికి తోలాలి కాబట్టి ఆసుపత్రికే తోలతాను."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చెయ్యి విరిగిన మనిషి దగ్గరికొచ్చి తన పందెం గోల చెబుతున్నాడు. అక్క చేతిలో గలీబు పక్కన పెట్టి, తాళం తీసి ఇచ్చింది.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే మామయ్య దుప్పట్ల మూటలు ఎక్కించుకుని గుట్ట మీదికి బయల్దేరేవాడు. పోయేది పద్నాలుగు కిలోమీటర్లు, వచ్చేది పద్నాలుగు. తిరిగొస్తూ మాసిన దుప్పట్లు తెచ్చేవాడు. చేతిలో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. ఇది రోజూ జరిగింది. వారం తర్వాత పరీక్ష ఏమైందని అడిగితే, ఇంకా తేలలేదన్నాడు. రెండు వారాల తర్వాతా అదే మాట. సెలూన్‌లో ఎగతాళి మొదలైంది. ఏం మామయ్యా, బండి చదువుకుంటోందా, పరీక్ష ఇంకా అవలేదు అని ఒకడంటే, తప్పాక చెబుతాడులే అని ఇంకొకడు. ఒక్కమాటకి పది మాటలు అప్పగించే మనిషి తల వంచుకుని, పూర్తి కాని పరీక్షకి చీటీ రాయను అని మాత్రం చెప్పి వచ్చేసేవాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మంచితనాన్ని ఇంతలా వాడుకోవడం బాగుందా అని మొహం మీదే అడిగేశాను. నీకు లోడు సంగతి తెలియదు, నోరు మూసుకో అన్నాడు. నేనూ ఊరుకోలేదు. నాలుగు రోజులు ఆయనకు కామెంట్లు టైపు చేయడం మానేశాను.

ముప్పై తొమ్మిదో రోజున నోటుబుక్కు మా ఇంట్లో మరిచిపోయి వెళ్లాడు. లెక్కలేమున్నాయో చూసి, నేనే ఒక తీర్పు టైపు చేసి పెట్టేస్తే ఈ గోల వదులుతుందని తెరిచాను.

మొదటి పేజీలో మొదటి రోజు లెక్క ఉంది. పాత కాటా మీద తూచిన చీటీ పిన్ను కొట్టి ఉంది. దుప్పట్లు ఎనిమిది వందల పది కిలోలు. ఇరవై ఎనిమిది కిలోమీటర్లకి సరిగ్గా పావువంతు ఛార్జింగు పోయింది. అంటే నిండు ఛార్జింగుకి నూట పన్నెండు. దాని కింద పెన్సిలుతో గట్టిగా నొక్కి రాశాడు: "అబ్బాయి చెప్పింది నిజమే. ఇంకా ఎనిమిది ఎక్కువే చెప్పాడు." దాని కింద మళ్లీ: "కాటా మీద అలవాటు కొద్దీ నేను దిగిపోయాను. నా తొంభై నాలుగు కిలోలు లెక్కలో లేవు. ఆ ఎనిమిదిలో నా పొట్ట వాటా ఎంతో తెలియదు."

తర్వాతి పేజీల్లో ఛార్జింగు లెక్క ఒక్కటి కూడా లేదు. పిల్లల వార్డుకి చిన్న దుప్పట్లు వేరే మూట కట్టాలి. స్టోర్ ఆఫీసరు ఆరూ యాభైకే వస్తాడు, ముందే దించాలి. ఇవాళ అమ్మాయి బొటనవేలు కదిపింది. అమ్మాయి అంటే లాండ్రీ అక్క.

పుస్తకం తీసుకుని నేరుగా వాళ్లింటికి వెళ్లాను. మామయ్య పుస్తకం చూడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. మొదటి రోజే తేలిపోయిందిగా, ముప్పై తొమ్మిది రోజులు ఆ సెలూన్ వాళ్లచేత మాటలెందుకు పడ్డావని అడిగాను.

"తేలిందని చెబితే పరీక్ష అయిపోతుంది," అన్నాడు మామయ్య. "పరీక్ష అయిపోతే ఆవిడ తాళం ఇస్తుందా?"

ఒక్క దొంగ చీటీ రాయని మనిషి, నిజం చీటీ ఒకటి పుస్తకంలో దాచుకుని, దాన్ని చూపించకుండా వీధి మొత్తం ముందు ఓడిపోతూ తిరిగాడు. నేను ఆయన్ని అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అది కూడా చెప్పాను. సరేగానీ కాఫీ తాగిపో అన్నాడు.

మూడు రోజులకి అక్క కట్టు విప్పారు. మర్నాడు పొద్దున్నే మామయ్య లాండ్రీకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. ఆయన తాళం ఆమె చేతిలో పెట్టి, గొంతు సవరించుకున్నాడు. పరీక్ష పూర్తయిందమ్మా అన్నాడు. వీడియోలో చెప్పిన లెక్క కరెక్టేనని, నూట ఇరవై కూడా రావని, సెలూన్‌కెళ్లి తానే చెప్పేస్తానని, ఒక్కో మాటా పన్ను పీకించుకుంటున్నట్టు చెప్పాడు.

"నాకు ముందే తెలుసు అన్నయ్యగారూ," అంది అక్క.

మామయ్య తెల్లబోయాడు. "ఎలా తెలుసు?"

"బండి నాది. రెండు నెలలు రోజూ ఇదే లోడు వేసుకుని ఇదే గుట్ట ఎక్కాను. ఎంత పోతుందో నాకు తెలీదా? ఆ వీడియో అబ్బాయి అడగలేదు, సెలూన్‌లో వాళ్లు అడగలేదు, మీరూ అడగలేదు."

"మరి తాళం ఎందుకిచ్చావు?"

"సాయం అనకుండా వచ్చింది మీరొక్కరే కదా," అంది అక్క. "ఆ పరీక్ష ఎన్నాళ్లు సాగుతుందో చూద్దామని ఊరుకున్నాను. బాగానే సాగింది."

మామయ్య నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, బండి వైపు చూశాడు. మూటలు ఎక్కించడం మొదలుపెట్టాడు. అన్నీ ఎక్కాక అక్క స్టీరింగు ముందు కూర్చుంది. మణికట్టు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఆయన్ని పక్క సీట్లో ఎక్కమంది. నన్ను ఆయన పక్కన తలుపు వైపు ఇరుక్కుని ఫోన్ తీయమంది. ఆ నల్ల కళ్లద్దాల అబ్బాయికి తానే జవాబు చెబుతుందట. మామయ్య వెంటనే మొదట చీటీ నంబరు చెప్పమని మొదలుపెట్టాడు.

"నేను మాట్లాడేటప్పుడు మీరు మాట్లాడకండి," అంది అక్క.

బండి గుట్ట ఎక్కుతుండగా ఆమె రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా చెప్పింది. "బాబూ, నువ్వు చెప్పిన లెక్క కరెక్టే. నిండు లోడుకి నూట పన్నెండే వస్తాయి. నాకు రోజుకి ఇరవై ఎనిమిది చాలు. మిగతా ఎనభై నాలుగూ నాకు మిగులే. ఎవరికెంత కావాలో అడక్కుండా బొమ్మ అని ఎలా అన్నావు? వెనక ఎనిమిది వందల కిలోల దుప్పట్లున్నాయి. ఇవి ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉంటాయి. రేపూ ఉంటాయి. నీకు నమ్మకం లేకపోతే వచ్చి దించు."

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అందులో మామయ్య ఒక్క మాట కూడా మాట్లాడడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా నవ్వుతూ కూర్చుని ఉంటాడు.