తుపాకులు దించమన్న బాబా

పోయిన మంగళవారం పొద్దున క్లినిక్‌లో డ్యూటీలో ఉండగా మాణిక్యమ్మక్క ఫోన్ చేసింది. “సిస్టరుగారండీ, బాబా ఎల్లిపోయారండి. టీ పట్టుకెల్తే పలకలేదండి. నిద్రలోనేనండి” అని ఏడుపు అందుకుంది. చేతిలోని ట్రే ఎక్కడ పెట్టానో తెలియలేదు. వెళ్లి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

గల్ఫ్ ఇళ్లలో పెద్దాయన్ని పనివాళ్లందరూ బాబా అనే పిలుస్తారు. మేమూ అలాగే పిలిచాం. కానీ ఆయన తన దేశంలో రాజుగారి అంగరక్షక దళానికి సేనాని. సముద్రానికి ఆవల ఉన్న చిన్న రాజ్యం. దాని పేరు రాయను. ఆయన మనుషులు ఇంకా అక్కడ బతకాలి.

రెండు వేల నాలుగులో ఆయనకు పక్షవాతం వస్తే రాజుగారే వైద్యానికి అబుదాబి పంపాడు. ఇప్పుడు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ అంటున్న చోట, ఇసుక మధ్య సగం కట్టిన విల్లాల నడుమ, ఆ రాజకుటుంబానికే చెందిన ఇంట్లో దించారు. నన్ను ఇంటి నర్సుగా పెట్టారు. మాది అమలాపురం వైపు. వంటకు నిడదవోలు నుంచి వచ్చిన మాణిక్యమ్మక్క అప్పటికే ఉంది. బాబా వయసులో ఉండగా మన దేశంలోనే సైనిక శిక్షణ పొందాడట, హిందీ చక్కగా మాట్లాడేవాడు. నన్ను బేటీ అనేవాడు.

వడ్డించిన ప్రతి గిన్నెలోంచీ ముందు తను ఒక ముద్ద తిని, కాసేపు ఆగి, అప్పుడు మమ్మల్ని తినమనేవాడు. అక్కకు మొదట్లో ఒళ్లు మండేది. “నా కూరలో ఏం కలిపాననుకుంటన్నాడండీ ఈయన?” అనేది. రాజుగారి పళ్లెం ముప్పై ఏళ్లు అలా రుచి చూసిన మనిషని తర్వాత తెలిసింది. తనకేమైనా అవుతుందేమోనని కాదు, తర్వాత తినేవాళ్ల కోసం. అది తెలిశాక అక్క ఆయన ముద్ద మింగేదాకా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది.

నేను చేరిన కొద్ది నెలలకే రాజు చనిపోయాడు. కొడుకింకా కుర్రవాడు. రాజు తమ్ముడు సింహాసనం తనదన్నాడు. దళంలో సగం మంది కొడుకు ఉన్న కోట దగ్గర, సగం మంది తమ్ముడి కోట దగ్గర తుపాకులతో నిలబడ్డారు. రెండు వైపులా ఉన్నది బాబా తయారుచేసిన సైనికులే. ఆయన నోటి నుంచి ఒక్క మాట వస్తే మిగతా సగం తమ వైపు వస్తుందని ఇద్దరికీ తెలుసు.

బాబా వైద్యానికి ప్రయాణమయ్యే రోజున రాజు తన కొడుకు చేతిని బాబా చేతిలో పెట్టి, “వీడు నీవాడు” అన్నాడట. బాబా సరేనని మాటిచ్చాడట. ఆ కుర్రాడికి గుర్రపు స్వారీ నేర్పింది బాబాయే. కానీ బాబా ఒక్కగానొక్క కూతురు రాజు తమ్ముడికి కోడలు. ఇద్దరు పసిపిల్లలతో ఆ కోటలోనే ఉంది.

రాజు తమ్ముడి తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ఖర్జూరాలు తెచ్చాడు. “మీ అమ్మాయి క్షేమం. క్షేమంగానే ఉండాలని మా ప్రభువు కోరిక” అన్నాడు. వెళ్తూ రెన్యువల్ కోసమని బాబా పాస్‌పోర్టు తీసుకెళ్లాడు. మర్నాటికి గేటు దగ్గర కాపలావాళ్లు మారిపోయారు. ఫోన్ మాత్రం ఉంచారు. ఆయన మాట్లాడాలి కదా.

రాకుమారుడు కూడా ఫోన్ చేశాడు. బాబా కుడిచెయ్యి నిలవదు కనుక రిసీవర్ నేనే చెవి దగ్గర పట్టుకున్నాను. “మీరు చెబితే అటువైపు వాళ్లూ వస్తారు. చెప్పండి. మా నాన్నకు మాటిచ్చారు” అంటున్నాడు కుర్రాడు. నాకు వచ్చిన కాస్త అరబ్బీకి కూడా ఆ గొంతులో భయం అర్థమైంది. అటువైపు నుంచి ఫోన్ పెట్టేసినా బాబా రిసీవర్ తీయనివ్వలేదు.

ఆ రోజుల్లో ఆయన తిండి మానేశాడు. ఏసీ హోరు తప్ప ఇంట్లో చప్పుడు లేదు. పెరట్లో గోడ వెంట నా భుజం పట్టుకుని నడిచేవాడు. “కాపలావాడికి గోడకు ఎటువైపున్నా ఒకటే అనుకునేవాణ్ణి బేటీ, కాదు” అన్నాడొకసారి. నా పాస్‌పోర్టు కూడా నాకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరే ఉండేది. ఆ గేటు దాటాలంటే ఇద్దరికీ ఇంకొకరి సెలవు కావాలి.

ఒక మధ్యాహ్నం గడ్డం గీయమన్నాడు. గుండీల చొక్కా తొడగమన్నాడు. నంబరు చెప్పి కలపమన్నాడు. కుర్చీలోంచి లేచి, గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడాడు. రెండు కోటల దగ్గరున్న అధికారులిద్దరికీ, ఒకరి తర్వాత ఒకరికి, అవే మాటలు. “తుపాకులు దించండి. బారకులకు వెళ్లండి. ఎదురుగా ఉన్నది మనవాళ్లే. ఇదే నా ఆఖరి ఆజ్ఞ.”

తర్వాత నా వైపు చూసి “ఖలాస్” అన్నాడు. సాయంత్రానికి ఫోన్ తెగిపోయింది.

సైనికులు మాట విన్నారు. ఒక్క తూటా పేలలేదు. డబ్బూ బలగమూ ఉన్న తమ్ముడు పట్టపగలే సింహాసనం ఎక్కాడు. కుర్రాణ్ణి విమానం ఎక్కించి దుబాయ్ పంపేశారు. కూతురి కోసం బాబా తనను అమ్మేశాడని అతను అందరితో అన్నాడట. కొత్త రాజేమో, తన పేరు పలకని సేనాని ద్రోహేనన్నాడు. కూతురు తండ్రితో మాట్లాడకూడదని ఆజ్ఞ. పాస్‌పోర్టు మళ్లీ రాలేదు.

“మీరు చేసింది మంచే బాబా” అన్నాను ఒకసారి, ఓదార్చబోయి.

“రాజుకిచ్చిన మాట తప్పాను, అది నిజం. కుర్రాళ్లు బతికారు, అదీ నిజం. ఒకటి రెండోదాన్ని చెరిపేయదు బేటీ” అన్నాడు.

ఏడాది గడిచాక గేటు దగ్గర కాస్త పట్టు సడలింది. ఒక శుక్రవారం దుబాయ్‌లోని అల్ కుసైస్ నుంచి సెక్యూరిటీ యూనిఫాంలో ఒకతను తేనె సీసా పట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు దళంలో సైనికుడు. “నేను ఒక కోట దగ్గర, మా అన్న ఇంకో కోట దగ్గర ఉన్నాం హుజూర్. మొన్న అన్నకు కూతురు పుట్టింది” అన్నాడు. బాబా తేనె వేలితో తీసి నోట్లో పెట్టుకుని, కాసేపు ఆగి, సీసా అతని వైపు జరిపాడు. అతను తినలేకపోయాడు. ఆయన ఎడమచేయి పట్టుకుని కూర్చుండిపోయాడు.

నాకు క్లినిక్‌లో ఉద్యోగం వస్తే కఫీల్ వదలనన్నాడు. బాబా అతన్ని పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, “ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ గేటు దాటనీ” అన్నాడు. ఈరోజు నా పాస్‌పోర్టు నా పెట్టెలో ఉందంటే ఆ మాట వల్లే.

ఆయన్ని ఇక్కడి మట్టిలోనే కలిపారు. మగవాళ్లు శ్మశానానికి వెళ్లాక నేనూ అక్కా గది సర్దుతున్నాం. గేటు బయట చాలాసేపటి నుంచి ఒక కారు ఆగి ఉంది. అందులోంచి సన్నని గడ్డమున్న యువకుడు దిగి లోపలికి వచ్చాడు. సలాం చెప్పగానే, ఎవరని అడగక్కర్లేకపోయింది. ఫోన్లో విన్న రాకుమారుడి గొంతే, కాస్త ముదిరింది.

“ఆయన ఎక్కడ కూర్చునేవారు?” అన్నాడు.

కిటికీ దగ్గరి కుర్చీ చూపించాను. అతను కూర్చోలేదు. దాని పక్కన చెప్పులు విడిచి, మడమలు కలిపి, వెన్ను నిటారుగా పెట్టి, కాపలా సైనికుడిలా నిలబడ్డాడు. గడ్డం కొద్దిగా పైకెత్తాడు. అక్క తెచ్చిన టీ చల్లారిపోయింది. కిటికీలోంచి ఎండ కుర్చీ మీద నుంచి జారి అతని పాదాల మీదికి వచ్చేదాకా అతను కదల్లేదు.