రెండు విస్తళ్లు

సిరోంచలో ఒక బడి ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పరీక్షనాళికలు కడిగిన పోశం దేన్నీ ఊరికే నమ్మడు. పాలు పోస్తే చుక్కను పలక మీద జార్చి చూస్తాడు. పసుపు తెస్తే, సుద్ద కలిపారేమోనని నిమ్మరసం పిండి నురగ కోసం కాచుకుంటాడు. భార్య లింగక్క గుండెలో నొప్పి అన్నప్పుడు కూడా, ఎడమనా కుడినా, తిన్నాకనా తినకముందా అని అడుగుతూ ఒక పూట గడిపాడు. మర్నాడే ఆమె పోయింది. కోపంతోనే పోయిందా అన్నది ఇప్పుడతని అనుమానం. పదో రోజు ప్రాణహిత ఒడ్డున ఆమె పేర పిట్టకు అన్నం పెడుతుంటే, కాకి ముడితే ఆమె తృప్తిగా పోయినట్టేనన్నారు చుట్టాలు. ఆకలైనా ముడుతుంది కదా అని పోశం రెండు విస్తళ్లు వేశాడు. అదే అన్నం, అదే చేపల పులుసు, ఒకటే కొలత. ఒకటి లింగక్కకు, పది అడుగుల అవతలిది ఎవరికీ కాదు.

“కాకికి గూడ పరీక్ష పెడ్తివా బావా?” అంది మరదలు ముత్తక్క.

“జర ఆగు. తేలనియ్యి.”

కాకి వచ్చింది. ఎవరిదీ కాని విస్తట్లో మెతుకు మెతుకూ తిని, లింగక్క విస్తరి వైపు చూడనైనా చూడకుండా ఎగిరిపోయింది.

“ఇగ తేలిందా?”

కాకికి ఆకలి తప్ప ఇంకేమీ తెలియదని తేలింది. అయినా పోశం ముట్టని విస్తరి ముందు గొంతుకూర్చుని, మెల్లగా, “అడుగుకుంట కూసునుడు తప్పయింది లింగూ. ముందుగాల దవాఖానకు తీస్కపోవాల్సింది” అన్నాడు.

కాసేపటికి ఒక కాకి వాలి, ఆ విస్తట్లో ముక్కు పెట్టింది.

“ఇది మొదలొచ్చిన కాకేనా బావా, ఇంకోటా?” అంది ముత్తక్క.

పోశం దాని మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: “నేను చూడలే.”