పెరుగు డబ్బా అంచున నీలం

మొన్న హామిల్టన్‌లో చవక సరుకుల దుకాణంలో ఎవరో గోళ్ళరంగు తుడిచే మందు సీసా జారవిడిచారు. అసిటోన్ ఘాటు ముక్కుకు తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి దాక్కుంది. "ముట్టుకోకు" అని శామ్యూల్ గారు నా వెనకే నిలబడి అన్నట్టయింది. ఆయన పోయి రెండు చలికాలాలు దాటాయి.

శామ్యూల్ గారిది బాపట్ల వైపు. ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి, శనివారం షూటింగ్ క్లబ్బు. లైసెన్సు తుపాకీతో కాగితపు గురిని కొట్టడమే ఆయన సరదా. కొన్న తూటాలు ఖరీదని గరాజులో సీసం కరిగించి తనే పోతపోసుకునేవారు. కొనాల్సిన వస్తువును ఎవరైనా ఇంట్లో చేసుకుంటున్నారంటే, మా నాన్న కిరాణా కొట్టులో పెరిగిన నాకు అది బెల్లం. ఈగలా ఆ గరాజు చుట్టూ తిరిగాను. సీసం తుపాకీ గొట్టానికి అంటకుండా తూటాలకు పొడి రంగు పట్టించడానికి ప్లాస్టిక్ డబ్బాలు కావాలంటే, నా వంతు పెట్టుబడిగా ఖాళీ పెరుగు డబ్బాలు మోసుకెళ్ళాను. మన ఇళ్ళలో వాటికి కరువేముంది. ఆయన ప్రతి డబ్బా తిరగేసి అడుగున ఐదు అంకె ఉందో లేదో చూసేవారు. ఆ రకం ప్లాస్టిక్‌లో వేసి ఊపితేనే రంగు బాగా పడుతుందట.

పోతలో ముడతలు పడ్డవాటిని ఏరి మళ్ళీ మూకుడులో వేసేవారు. నున్నగా వచ్చినవాటిని అసిటోన్‌తో కడిగి పాత తువ్వాలు మీద ఆరబెట్టేవారు. ఒకసారి వాటిని చూసి ముచ్చటపడి చెయ్యి చాపాను.

"ముట్టుకోకు. నీ చేతి జిడ్డు అంటితే రంగు పట్టదు."

"చెయ్యి పెట్టి చూడందే మా కొట్లో సరుకు కదిలేది కాదంకుల్."

"ఇది కందిపప్పు కాదయ్యా. నీ జిడ్డు దానికి చేటు, దాని సీసం మసి నీకు విషం. ఆ చేత్తోనే కదా ఇంటికెళ్ళి అన్నం కలిపేది. గ్లవ్స్ తొడుక్కో."

అంత జాగ్రత్త మనిషి ఇంట్లోనే అది జరిగింది. ఒక చలికాలపు ఆదివారం ఆయన భార్య గ్రేస్ ఆంటీ మాకు గోంగూర పప్పు పంపారు, పెరుగు డబ్బాలోనే. రెండేళ్ళు నిండని మా పాపకు నెయ్యి వేసి కలిపి నేనే తినిపించాను. వేళ్ళు కూడా నాకింది. తరువాత డబ్బా కడుగుతుంటే మూత గాడిలో సన్నటి నీలం గీత కనిపించింది. గోటితో గీరాను. పొడిగా రాలింది.

సీసం తూటాలు ఊపిన డబ్బా అది, తెలుస్తూనే ఉంది. అయినా నా బుద్ధి పోలేదు, బేరం మొదలుపెట్టాను. ఇది పెన్ను సిరా అయ్యుంటుంది, పాప సగం ఉమ్మేసింది కదా, తిన్నదెంతని. నా ముఖం చూసి నా భార్య లత దగ్గరికొచ్చింది. చెప్పాను.

"ఆ డబ్బాలు మోసుకెళ్ళి ఇచ్చింది మీరే కదా" అంది. పాపను ఎత్తుకుని మూతి తుడుస్తూనే ఉంది.

శామ్యూల్ గారికి ఫోన్ చేశాను. కొట్లో ఎవరికైనా బియ్యంలో పురుగు కనిపిస్తే మా నాన్న "ఏం కాదులే అమ్మా, కడిగితే పోతుంది" అనేవాడు. నాకు ఆ మాటే కావాలి.

"ఏ రంగు?" అన్నారాయన.

"నీలం."

"నాదే. కడిగి సింకు పక్కన పెట్టా. మామూలు డబ్బా అనుకుని మీ ఆంటీ తీసుంటది."

"ఏం కాదు కదా అంకుల్?"

"నాకు తెలియదయ్యా. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. నేనొస్తున్నా."

ఆ మాటకు ఆయన మీద అసహ్యం పుట్టింది. ఒక్క అబద్ధం చెబితే ఈయన సొమ్మేం పోతుందనుకున్నాను.

మర్నాడు రక్తం తీశారు. పాప ఏడుపు ఆగకముందే, ఫలితం కాస్త ముందు ఇవ్వలేరా అని ల్యాబ్ అమ్మాయిని ఒకటికి రెండుసార్లు అడిగాను. శామ్యూల్ గారు నా చొక్కా పట్టి లాగారు. "ఇక్కడ బేరాల్లేవు, కూర్చో." నా పక్కనే కూర్చున్నారు. టోపీ తీసి వేళ్ళ మధ్య నలుపుతూనే ఉన్నారు. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది.

ఫలితం వచ్చేదాకా పాప చెంచా జారవిడిస్తే సీసమే అనుకున్నాను. ఎక్కువసేపు నిద్రపోతే సీసమే, పోకపోయినా సీసమే. కంటికి కనిపించే శత్రువైతే ఏదో ధర మాట్లాడుకునేవాణ్ణి. ఆయన రోజూ సాయంత్రం వచ్చి నేల మీద కూర్చుని పాపతో చెక్కముక్కలు పేర్చేవారు. పాప చేతులనే చూస్తుండేవారు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఒక్కటే అడిగారు: "మీ ఆంటీకి చెప్పకండి. తెలిస్తే ఇక ఎవరికీ ఒక్క ముద్ద పెట్టదు."

సీసం లెక్కపెట్టాల్సినంత లేదని డాక్టరు ఫోన్ చేసినప్పుడు నేను పిచ్చివాడిలా నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇంకోసారి చేయించు" అన్నారు. రెండోదీ బాగానే వచ్చింది. ఆ రోజు గుమ్మంలోనే నిలబడి, "అమ్మా లతా, కాస్త కాఫీ ఇస్తావా" అని అడిగారు.

పోయిన నెల పాపకు టాన్సిల్స్ ఆపరేషన్. బడికెళ్ళే పిల్ల ఇప్పుడు. ఆసుపత్రి గౌను వేసుకుని, "డాడీ, ఐ విల్ బి ఓకే, రైట్?" అంది. మా నాన్న మాట నా నాలుక చివరే ఉంది. ఎంతో మందికి అమ్మిన మాట అది.

"నాకు తెలియదు తల్లీ. డాక్టర్లు మంచివాళ్ళు. నేను ఈ తలుపు దగ్గరే ఉంటా" అన్నాను.

చాలాసేపు నన్నే చూసింది. తరువాత నర్సు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. కుర్చీ ఉన్నా, నేను కూర్చోలేదు.