మోగని పెట్టె

మా నాయనకు చెవుడు అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయనకు చప్పుడు బాగానే వినపడుతుంది. వీధి మలుపులో ఆటో తిరిగితే చెబుతాడు. ఎక్కడో దూరంగా మబ్బు ఉరిమితే బట్టలు తీయమని అందరికంటే ముందు ఆయనే కేకేస్తాడు. వినపడనిది మాట. మేముండే ఈ మార్కాపురంలోనే రాతి పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు కోతమిషను పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ మిషను ఆయన చెవుల్లోంచి సన్నటి శబ్దాలన్నీ తీసేసుకుని మోటువి మాత్రం వదిలిపెట్టింది.

"అచ్చులు అందుతాయమ్మా, హల్లులు జారిపోతాయి" అని చెప్పినాడు డాక్టరు. కూర అన్నా, పూస అన్నా, మూత అన్నా మా నాయనకు దాదాపు ఒకటే. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చినాము. కుక్కరు విజిలుకు ఉలిక్కిపడి దాన్ని తీసి కళ్లద్దాల డబ్బాలో పెట్టినాడు, మళ్లీ డబ్బా మూత తీయలేదు.

నేను హైస్కూల్లో సైన్సు టీచరును. అరవై మంది పిల్లల గోలమీదుగా చెప్పి చెప్పి నాది గొంతు కాదు, బాకా. అమ్మా నాయనా నాతోనే ఉంటారు. నాయనకు వినపడాలంటే నాకు తెలిసిన ఉపాయం ఒకటే, అరవడం. "అన్నం తిన్నావా?" అని అరుస్తాను. "మాత్ర వేసుకున్నావా?" అని అరుస్తాను. ఎదురింటామెకు కూడా మా నాయన మాత్రల పేర్లు నోటికొచ్చు.

ఒకప్పుడు సాయంత్రం వార్తలు వస్తుంటే అమ్మా నాయనా టీవీ ముందు కూర్చుని రాజకీయాల మీద కొట్లాడుకునేవాళ్లు. ఆ కొట్లాట నాకు భలే ఇష్టం. కొన్నాళ్లకు అమ్మ ప్రతి మాటా ఆయనకు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత ఆమెకూ విసుగొచ్చింది. ఒకరోజు నాయన "చప్పుడు వినపడతాంది పాపా, మాటే తెలవట్లా. మీరు చూడండి" అని లేచి బయట అరుగు మీదికి పోయినాడు. ఇక అదే అలవాటైపోయింది. టీవీ దగ్గర్నుంచి లేచినాయన మెల్లగా మా మాటల్లోంచి కూడా లేచిపోయినాడు. ఏదన్నా అడిగితే తల ఊపుతాడు, అంతే. ఆయన్ని మళ్లా లోపలికి, మా మధ్యకి తెచ్చుకోవాలని నాకు పట్టుకుంది. ఇంకేం వద్దు, అదొక్కటి చాలు.

టీవీకున్న స్పీకర్లు వెనకవైపు గోడకేసి మాట్లాడతాయి. మంచివి కొందామంటే రేట్లు చూసి కళ్లు తిరిగినాయి. సరే, నేనే చేస్తా అనుకున్నాను. సైన్సు టీచర్ని కదా, ఆ మాత్రం పొగరు ఉండదా! గిద్దలూరులో పాత టేపురికార్డర్లు విప్పి అమ్మే దుకాణంలో అరచేతి వెడల్పు స్పీకర్లు రెండు తెచ్చినాను. యాంప్లిఫైయరు మాత్రం మార్కాపురం బజార్లోనే కొన్నాను.

దుకాణంలో ఉన్నతను, మరీ పిల్లోడు కాదు గానీ నాకంటే నాలుగేండ్లు చిన్నవాడేమో, "ఎవరికక్కా?" అన్నాడు. "మా నాయనకు, మాట సరిగా వినపడదు" అన్నాను. "అట్లయితే పెద్దదే కావాల" అని ఉన్నవాటిలోకెల్లా బరువైనది తీసి బల్ల మీద దబ్బున పెట్టినాడు. ఊరేగింపుల్లో మోగిస్తారే, ఆ జాతి. వాట్లు ఎన్నో డబ్బా మీద బొద్దు అక్షరాలతో రాసి ఉంది. నేను కూడా మారుమాట్లాడకుండా చంకనేసుకుని వచ్చినాను. చెవికి తక్కువైతే సౌండు ఎక్కువ కావాల, ఇంతే కదా లెక్క! ఏటా శబ్దం పాఠం చెప్పే నా తెలివి ఆ రోజు అంతవరకే పనిచేసింది.

స్పీకర్లు బిగించే పెట్టెకు చెక్కలు తేవడానికి నాయనను వెంటబెట్టుకుని పోయినాను. ఆయన చేతికి ఏదన్నా పని ఇస్తే మొహం వికసిస్తుంది. చెక్కల దుకాణంలో ప్లైవుడ్ ముక్కలు ఒక్కొక్కటే పైకెత్తి, వేలి కణుపుతో కొట్టి, ఇంకో చేతి వేళ్లు చెక్కకు ఆనించి చూసినాడు. ఫ్యాక్టరీలో పలకను అట్లనే చూసేవాళ్లు. పలకను కొడితే ఖంగుమనాల. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో నెర్రె ఉన్నట్టు, తీసి పక్కన పారేయాల. చెవులు పోయినాక కూడా ఆ మోత ఆయన వేళ్లకు తెలుస్తుంది. బాగా మోగే చెక్కలు నాలుగు ఏరి, "ఇవీ సరుకంటే" అన్నాడు. ఎంత గర్వమో ఆ మొహంలో! అవి తక్కినవాటికంటే పలచగా ఉన్నాయని నాకు కనపడుతూనే ఉంది. అయినా నోరెత్తలేదు.

వడ్రంగి కోసిచ్చినాడు, నాయన జిగురు పెట్టి బిగించినాడు. నేను తీగలు కలిపి వార్తలు పెట్టినాను. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! వార్తలు చదివే ఆమె బానలో తలపెట్టి మాట్లాడినట్టుంది. గూట్లో స్టీలు గ్లాసులు గజగజలాడినాయి. నాయన చెయ్యి ఊపుతూ "పెంచు, పెంచు" అన్నాడు. పెంచినాను. ఇంకా గందరగోళం. "ఇప్పుడు తెలుస్తాందా?" అని ఆయన చెవి దగ్గర అరిచినాను. తల అడ్డంగా ఊపినాడు. "పలచని చెక్కలు ఏరినావు, అందుకే ఇట్ల తగలడింది" అని నోరు పారేసుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసి, లేచి అరుగు మీదికి పోయినాడు.

అమ్మ నన్ను చూసిన చూపుకు తల ఎత్తలేకపోయినాను. తప్పు ఆయనదొక్కడిదా? మోగేదాన్ని మంచిదనుకోవడం ఆయన పని నేర్పింది. గట్టిగా ఉంటే చాలనుకోవడం నాకెవరు నేర్పినారు?

ఆ ఆదివారం పొద్దున కూర్చుని బుద్ధిగా ఆలోచించినాను. స్పీకరు ముందుకు ఎంత మాట పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది. వెనక్కి పోయింది పెట్టె లోపల గోడలకు కొట్టుకుని, ఆలస్యంగా బయటికొచ్చి అసలు మాట మీద పడుతుంది. పైగా పలచని చెక్క, అదీ వంత పాడుతుంది. పలక మోగాల గానీ పెట్టె మోగకూడదు. నాయన దగ్గరికి పోయి కాగితం మీద బొమ్మ గీసి చూపించినాను. చాలాసేపు చూసినాడు. "అంటే పగిలిన పలక మాదిరి పలకాలంటావు" అన్నాడు. అవునన్నట్టు తల ఊపినాను. "జన్మంతా అట్లాంటివి ఏరి పారేస్తిని గదే!" అని నవ్వినాడు. ఎన్నాళ్లయిందో ఆయన నవ్వి.

మధ్యాహ్నానికల్లా ఎక్కడినుంచో ఒక సంచెడు పలక ముక్కలు మోసుకొచ్చినాడు, ఫ్యాక్టరీ బయట పారబోసినవి. వాటిని పెట్టె లోపలి గోడలకు పక్కపక్కన జిగురుతో అంటించినాడు. పెట్టె బరువెక్కింది. ఇక లోపల మెత్తగా ఏదన్నా నింపాల. ముందు పాత దిండు చించి బూరుగు దూది కూరినాను. అది రెండు రోజుల్లో అడుక్కి దిగిపోయి కూర్చుంది. అమ్మ చూసి "ఉన్ని పెట్టరాదా" అంది. అమ్మ వాళ్లది తర్లుపాడు పక్క, గొర్రెలున్న ఇల్లు. మా మామకు ఫోను చేస్తే బస్సులో ఒక గోతం ఉన్ని పంపినాడు.

ఆ ఉన్ని వచ్చినాక మూడు రోజులు మా ఇల్లు గొర్రెల దొడ్డే. కుంకుడుకాయ నీళ్లలో నానబెట్టి, జిడ్డు పోయేదాకా పిండి, మిద్దె మీద చాప పరిచి ఎండబెట్టింది అమ్మ. నేను ఆత్రంగా పెట్టె నిండా దట్టించినాను. ఈసారి మాటలోంచి ప్రాణమే పోయింది, గొణుగుడు మిగిలింది. "అట్ల కుక్కితే ఎట్లమ్మే? ఊపిరాడద్దా దానికి?" అని అమ్మ సగం బయటికి లాగి, మిగతాదాన్ని పింజలు పింజలుగా ఏకి, పొంగించి పెట్టింది. నాయన పెట్టెను వేలి కణుపుతో కొట్టి, వేళ్లు ఆనించి చూసినాడు. "సచ్చింది" అన్నాడు తృప్తిగా.

పెద్ద యాంప్లిఫైయరును మళ్లా చంకనేసుకుని దుకాణానికి పోయినాను. "చిన్నది ఇవ్వు తమ్ముడూ. గట్టిగా అక్కర్లేదు, తేటగా రావాల. సన్నటి శబ్దం పెంచుకునేదానికి తిప్పే మర వేరేగా ఉండాల" అన్నాను. "అదేందక్కా, అందరూ చిన్నదిచ్చి పెద్దది తీసుకుంటారు గానీ!" అని నవ్వినాడు. అయినా మంచివాడు, తీసుకున్నాడు. అరచేతిలో పట్టే డబ్బా ఒకటిచ్చినాడు. దానికి మైకు పెట్టుకునే కంత కూడా ఉంది. "భజనలకు వాడతారక్కా, మైకు కూడా తీసుకుపో" అని ఒక మైకు అంటగట్టినాడు. నాకు అక్కర్లేదంటే వింటేనా!

ఇంటికొచ్చి బిగించి, మోటు శబ్దం మర తగ్గించి, సన్నటిది కొద్దికొద్దిగా పెంచినాను. స, చ, ట, త, అన్ని హల్లులూ పెదవి నుంచి విడివిడిగా ఊడిపడుతున్నట్టు వచ్చినాయి. నాకైతే కాస్త కీచుగానే ఉంది. నాయన కుర్చీ ముందుకు జరుపుకుని తల వంచి విన్నాడు. మొహంలో ఏమీ తెలియలేదు. టీవీ మనిషి గబగబా మాట్లాడతాడు, వెనక సంగీతమొకటి. ఇది కూడా కాకపోతే ఈయన ఇక బయటే.

సరే, మైకు ఉంది కదా, మెల్లగా నేనే చెప్పి చూద్దాం అనుకున్నాను. టీవీ ఆపి మైకు పెట్టి "నాయనా" అన్నానో లేదో, కుయ్యిమని చెవులు పగిలేట్టు కూసింది. నా బాకా గొంతుకు, పక్కనే ఉన్న స్పీకర్లకు పొసగలేదు. తీగ పొడుగ్గా ఉండబట్టి మైకు తీసుకుని వంటింట్లోకి పోయినాను. తలుపు దగ్గరికేసి, మళ్లా కూస్తుందేమోనని భయపడి, గొంతు బాగా తగ్గించి మాట్లాడినాను. ఏం చెప్పాలో తోచక ఎదురుగా కనపడిందే చెప్పినాను.

"నాయనా, ఈరోజు పప్పులో చింతపండు ఎక్కువైంది. ఏమనుకోకుండా తిను."

హాల్లోంచి నాయన గొంతు వినపడింది.

"ఎక్కువైతే ఏమాయె, పుల్లగానే బాగుంటుంది."

మైకు గట్టు మీద పడేసి పరిగెత్తినాను. అమ్మ అప్పటికే కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నాయన మాత్రం స్పీకరు వంక చూస్తున్నాడు, ఆ తర్వాత నా వంక చూసినాడు.

"అది నీ గొంతేనా?" అన్నాడు.

నేను తల ఊపినాను.

"ఇంత మెత్తగా ఉంటుందా నీ గొంతు? నాకు నీ కేకలే వినపడేవి పాపా. మాట తెలవదు, కోపం తెలుస్తుంది. ఈ నాలుగేండ్లు నా మీద ఏదో మనసులో పెట్టుకున్నావనుకుంటి. ఏం తప్పు చేస్తినో అడుగుదామనుకుంటి. అడిగితే మళ్లా అరుస్తావని అరుగు మీదికి పోయేవాణ్ణి."

అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా, చలిగా ఉందా నాయనా, దుప్పటి కావాలా నాయనా, నేను నాలుగేండ్లుగా అరిచిన ప్రేమంతా ఆయనకు తిట్లుగా చేరింది. అక్కడే నిలబడి చెప్పబోతే గొంతు మళ్లా పైకి లేస్తుందని భయమేసింది. వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరికేసి, మైకు తీసుకున్నాను.

"కోపం లేదు నాయనా. ఏ రోజూ లేదు" అన్నాను మెల్లగా.

"మళ్లా చెప్పు" అన్నాడు.

"వినపడలేదా?"

"వినపడింది. మళ్లా చెప్పు."