శాలువాలు మింగిన మూడు నిమిషాలు

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతది. ఇబ్రహీంపట్నంల పీజీ చదువుతున్నప్పుడు మా కాలేజీల ఉత్తమ పరిశోధన బహుమతి నాకొచ్చింది. నా పని ఆకుకూరల మీద. కోసిన పాలకూర, తోటకూర పొద్దుమూకేదాక పాడుగాకుండ ఎట్ల ఉంచాలె అని రెండేండ్లు చూసిన. కందుకూరు దిక్కు నుంచి మార్కెట్‌కొచ్చి కూరలమ్మే ఒక అక్క గంప పక్కన కూసొనే అంతా రాసుకున్న.

స్టేజీ మీద మాట్లాడనీకి నాకు మూడు నిమిషాలిస్తమన్నరు. అక్కకు అర్థం కావాలెనని ఇంగ్లీషు పక్కనబెట్టి మన మాటల్నే తయారైన. ఆమె ఆ పొద్దు బేరం ఇడిసిపెట్టొచ్చి వెనక కుర్చీల కూసుంది.

పదిగంటలకని పిలిస్తె బహుమతులిచ్చే పెద్దమనిషి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఇగ మొదలైనయ్ శాలువాలు! ఆయనకొకటి, ఆయనెంబడి వచ్చినోళ్లకు తలా ఒకటి, ప్రిన్సిపాల్‌కొకటి, నా గైడు సారుకొకటి. కప్పుడు, ఫోటో, మళ్లా కప్పుడు. ఫ్లెక్సీ మీద వాళ్ల మొఖాలు ఇంతింత, నాది మూలకు స్టాంపు బిళ్లంత. నా పేరు పిలిచేసరికి బువ్వ టైమైంది. "టైం లేదమ్మా, మీ గైడు సారు చెప్తడు" అన్నరు. సారు ఇంగ్లీషుల రెండు ముక్కలు చెప్పి కూసున్నడు. రెండేండ్ల పని! నా చేతిల మెమెంటో పెట్టి, జర ఇటు చూడు అని ఫోటో దిగిన్రు. థూ, సిగ్గుండాలె మనుషులకు.

గదే కోపంల దిగి అక్క దగ్గరికి పోయిన. "చూసినవా అక్కా, నన్ను మాట్లాడనియ్యలే!"

"పోనీ తియ్ చెల్లె. ఇంతకు ఏం తేలింది?"

చెప్పిన. నీళ్లు చల్లి గట్టిగ కట్టలు కట్టొద్దు, లోపల కుళ్లుతయ్. కోసినంక నీడకు పరిచి, వేడి పోయినంక వదులుగ కట్టి, పైన తడి గోనెపట్ట కప్పితె చాలు.

"గంతేనా? నీకెప్పుడు తెలిసింది?"

పోయిన ఎండకాలం ముందే తెలిసింది. జర్నల్‌ల అచ్చయ్యేదాక ఎవ్వరికీ చెప్పొద్దని సారంటే, అవ్ సార్ అన్న. శాలువాలోళ్ల మీద ఎగిరిన నేను, ఆ ఎండకాలమంత ఆమె పక్కనే కూసున్న. ఆమె నీళ్లు చల్లుతుంటే ఒక్క మాటనలే. ఎన్ని కట్టలు కుళ్లినయో రాసుకున్న. సాయంత్రం వాటిని ఆవుల ముందర పారబోస్తుంటే, గంపకు రెండో దిక్కు పట్టింది నేనే.