నీలం గొట్టం మందేనా?

1996 జూన్‌లో నన్ను ఫార్మసిస్టుగా ముంచింగిపుట్టు ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. మందుల గదికీ, స్టాకు రిజిస్టరుకీ నేనే బాధ్యుణ్ణి. క్షయ రోగులకు వారానికి సరిపడా మందులు సంతరోజునే ఇచ్చేవాళ్ళం. కొండవాళ్ళు దిగివచ్చేది ఆ ఒక్కరోజే.

చదువు రానివాళ్ళకు మందుని రంగుతో గుర్తు చెప్పడం నా అలవాటు. చోళ్ళు, అంటే రాగులు, పండించుకునే బుద్రి అనే క్షయ రోగికీ అలాగే, పొద్దున్నే పరగడుపున ఎర్ర గొట్టం మాత్ర మింగమని చెప్పాను. రెండు నెలల్లో దగ్గు తగ్గి మనిషి తేరుకుంది. మూడో నెలలో వేరే కంపెనీ సరుకు వచ్చింది. మందు అదే రిఫాంపిసిన్, గొట్టం మాత్రం నీలం. ఆలోచించకుండా ఇచ్చేశాను.

మరుసటి సంతకి ఆమె ఏడు గొట్టాలూ చెంగున కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఎర్రదే మింగమని నువ్వే సెప్పినావు కదా బాబూ. ఇదేటి?"

ఈ జబ్బుకి మందు మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది, ఆపైన ఆ మందుకి లొంగకపోవచ్చు. తప్పు నాదే.

అప్పటి పేటెంటు చట్టాన్ని నాకు తెలిసినంత ఆమెకి విప్పి చెప్పాను. పేటెంటు, అంటే ఇతరులు చేయకుండా ఆపే హక్కు, మందు మీద కాదు, తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చేవారు. అందుకే ఒకే మందుని పలు కంపెనీలు తలో దారిలో చేసేవి, ధర దిగేది, ఇంత కొండమీదికీ అందేది. చోళ్ళు తిరగలిలో విసిరినా మరలో ఆడించినా అంబలి అంబలే కదా అన్నాను. పోలిక కుదిరిందని మురిసిపోయాను కూడా.

"అంబలైతే తాగి సెప్తాను. ఇదెలా తెలుస్తాది?" అంది. మళ్ళీ తనే అడిగింది: "ఎర్రది మింగితే ఉచ్చ ఎర్రగా పడేది. ఇది మింగినా పడతాదా?"

పడుతుంది. ఆ ఎరుపు మందుది, గొట్టానిది కాదు. చదువుకున్నదే, రోగులు బెదరకుండా చెబుతున్నదే. దాన్ని పరీక్షగా వాడవచ్చని నాకెన్నడూ తోచలేదు. డాక్టరుగారిని అడిగి, నా ఎదుటే ఒక గొట్టం మింగించాను. ఆమె సంతలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నందాకా నాకు రిజిస్టరు మీద చూపు నిలవలేదు.

"అదే మందు బాబూ!" గుమ్మంలోంచే కేకేసింది. మిగిలిన ఆరూ చెంగున కట్టుకుని, వరుసలో ఉన్నవాళ్ళకి తనే వివరం చెప్పింది.

2005లో చట్టం మారి, కొత్త మందులకు మందు మీదే పేటెంటు వచ్చింది. దాని గురించి మాకు పెట్టిన శిక్షణ తరగతుల్లో ఆసక్తిగా కూర్చున్నాను. చట్టం మందుని మా గదిదాకా తేగలదు, లేదా ఆపగలదు. గదిలోంచి నోటిదాకా చేర్చడం మా పని. రిటైరయ్యేదాకా ఏ రోగికీ మళ్ళీ గొట్టం రంగు చెప్పలేదు. మింగాక ఏం కనిపిస్తుందో అదే చెప్పాను. ఆ పద్ధతి కనిపెట్టింది బుద్రి.