సున్నం ఆమెది, బండలు ఆయనవి

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. యాడ చూసినా కట్టడాలే. నేనూ చిన్నాచితకా ఇళ్లు కట్టించేవాణ్ణి. ఒకసారి కడప బస్సులో పోతుంటే నా ముందు సీట్లో ఒక నడివయసు ఆమె కూర్చునుంది. ఒక కంట్రాక్టరు వచ్చి ఆమె పక్కన నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడసాగాడు. ఆమెకు సున్నపు బట్టీలున్నాయని ఆ మాటల్లోనే తెలిసింది.

"కొత్త ఆసుపత్రికి సున్నమంతా నీదే తీసుకుంటానక్కా. నీతో కలిసి పనిచేసే ఆ బండలాయన్ను మాత్రం వదిలెయ్. బండలకు నాకు వేరే మనిషి ఉండాడు."

ఆమె లేచి, వెనక్కి తిరిగి గట్టిగా పిలిచింది.

"అన్నా, ఈడికి రా. నీ గురించే మాట్లాడతాండాడు ఈయప్ప. నువ్వూ విందువు."

చివరి సీటు నుంచి తెల్లగడ్డం సాయిబు ఒకాయన లేచి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పప్పా," అందామె.

కంట్రాక్టరు తల తిప్పుకున్నాడు.

"మేము ఒక్క కట్టడానికి కలిసినోళ్లం కాదు. కరువులో నా బట్టీ ఆరిపోతే ఈయన నిలబెట్టినాడు. పనిస్తే ఇద్దరికీ ఇయ్యి. లేకుంటే నా సున్నం ఊళ్లో గోడలకు అమ్ముకుంటా."

ఆళ్లగడ్డలో కంట్రాక్టరు దిగిపోయాడు.

"శానా పెద్ద పని పోయిందమ్మా," అన్నాడు సాయిబు దిగులుగా.

"పోనీలే అన్నా," అంటూ ఆమె జరిగి చోటిచ్చింది.

తర్వాతి కాలంలో నాకు ఇటుకలిచ్చే ఆయన్ను వదిలెయ్యమని నా చెవిలో చెప్పినవాళ్లు చాలామంది. ప్రతిసారీ ఆయన్నే పిలిపించి, ఆ మాట ఆయన ముందే చెప్పమన్నాను. ఒక్కరూ చెప్పలేదు.